లారీ ఎక్కిన కారు: సందేహాలు – సమాధానాలు

పోయిన నెల ఇక్కడ పాత అంబాసిడర్ కార్బురేటర్ గురించి రాశాను. వచ్చిన ఉత్తరాల్లో కార్బురేటర్ ఊసే లేదు. "అది తర్వాత సంగతి, ముందు బండిని మెకానిక్ దగ్గరికి చేర్చేదెట్లా?" అనే అందరూ అడిగారు. ఎక్కువ ఉత్తరాలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచే వచ్చాయి. బెంగళూరు పక్కనే ఉంది, పాత కార్లకు ప్రాణం పోసే వర్క్‌షాపులన్నీ అక్కడే. కార్లేమో ఇక్కడ రేకుల షెడ్లలో ఉన్నాయి. ఈ నెల శీర్షిక మొత్తం వీటికే కేటాయిస్తున్నాను.

మా నాయన 1974లో కొన్న అంబాసిడర్ మా చింతపండు గోడౌన్ పక్కన షెడ్డులో పన్నెండేళ్లుగా కదలకుండా ఉంది. బెంగళూరు వర్క్‌షాపు వాళ్లు తీసుకురమ్మన్నారు. మా డ్రైవరు తాడు కట్టి బొలెరోతో లాక్కుపోదాం, వంద కిలోమీటర్లే కదా అంటున్నాడు. లారీ అయితే ఎంత పెద్దది కావాలి?
— ఒక వ్యాపారి, హిందూపురం

తాడు మాట మర్చిపోండి. చెడిపోయిన బండిని దగ్గర్లోని గ్యారేజీ దాకానో పెట్రోలు బంకు దాకానో లాక్కుపోవడానికే రోడ్డు నిబంధనలు ఒప్పుకుంటాయి. అప్పుడు కూడా రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. వెనక బండి స్టీరింగు దగ్గర లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. అంటే వంద కిలోమీటర్లకు నాలుగు గంటలు, అదీ 44వ నంబరు జాతీయ రహదారి మీద, పక్కనుంచి బస్సులు దూసుకుపోతుండగా. చట్టం సంగతి అలా ఉంచండి. పన్నెండేళ్లు నిలిచిన అంబాసిడర్‌కు బ్రేకులుండవు. వీల్ సిలిండర్లలో రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి. ముందు బొలెరో ఆగుతుంది, వెనక అంబాసిడర్ ఆగదు. మీ డ్రైవరు ధైర్యం మెచ్చుకోదగ్గదే కానీ, ఆ వెనక బండిలో కూర్చునేది ఎవరో కూడా ఒకసారి అడగండి.

ఇక లారీ. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు, అంటే 14 అడుగుల మీద రెండంగుళాలు. ఆ రెండంగుళాల దగ్గరే అందరూ మోసపోతారు. బజారులో దొరికే ఐచర్ బండ్లలో 14 అడుగుల బాడీ ఎక్కువ. "సరిపోతుంది లే సార్" అని తెస్తారు. కారు ఎక్కించాక వెనక డోరు మూతపడదు. బంపరు బయటికి పొడుచుకొస్తుంది. డోరు తెరిచిపెట్టి గొలుసులకు వేలాడదీస్తారు. కనీసం 17 అడుగుల బాడీ మాట్లాడుకోండి. మీ కారు ఫియట్ అయ్యుంటే 14 అడుగులు చాలేది, ఎందుకంటే అది 13 అడుగుల లోపే. బొలెరో పికప్ బాడీ తొమ్మిది, పది అడుగులే కాబట్టి దాని ఊసే వద్దు.

బాడీ వెడల్పు కూడా కొలిపించండి. పక్క డోర్లు ఎత్తుగా ఉన్న లారీలో అంబాసిడర్ ఎక్కితే కారు తలుపు తెరుచుకోదు. లోపల స్టీరింగు పట్టుకున్నవాడు కిటికీలోంచి పాక్కుంటూ బయటికి రావాలి. నా వయసువాళ్లయితే అక్కడే ఉండిపోవాల్సిందే. పక్క డోర్లు దించగలిగే బండి దొరికితే ఆ అవస్థ ఉండదు.

అన్నిటికంటే మంచిది, పడక మొత్తం వెనక్కి జారి నేలకు వాలే ఫ్లాట్‌బెడ్ రికవరీ బండి. దానికి వించి ఉంటుంది, ఇనుప తాడుతో కారును మెల్లగా లోపలికి లాక్కుంటుంది. బాడుగ ఎక్కువే. బెంగళూరు నుంచి పిలిపిస్తే రానూపోనూ లెక్క కడతారు. అయినా మీ కారులాంటి నడవని బండికి నేను ఇదే చెబుతాను. ఎందుకంటే నలభై ఏళ్లుగా చూస్తున్నాను, పాత కార్లు దారిలో చెడిపోయేది తక్కువ. ఎక్కించేచోటా, దించేచోటా చెడిపోయేవే ఎక్కువ.

మామూలు లారీయే దిక్కయితే ఈ లెక్క చూడండి. లారీ పడక నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు ఉందనుకుందాం. ఎనిమిదడుగుల పలకలు వేస్తే వాలు దాదాపు 26 డిగ్రీలు వస్తుంది. అది పెనుకొండ కొండెక్కినట్టే. ముందు బంపరు పలకకు గుద్దుకుంటుంది. ముందు చక్రాలు పడక మీదికి చేరాక నడుము కింద సైలెన్సరు లారీ అంచుకు ఆనుతుంది. పద్నాలుగు అడుగుల పలకలైతే వాలు 15 డిగ్రీల లోపు. అప్పుడు కూడా పదకొండు వందల కిలోల పైచిలుకు కారును పైకి లాగడానికి దాదాపు మూడు వందల కిలోల బలం కావాలి. పదిమంది హమాలీలు నెట్టగలరు. కానీ మధ్యలో ఒకడి కాలు జారితే మిగతా తొమ్మిదిమంది ఏం చేస్తారో నేను చూశాను. అందరూ పక్కకు దూకుతారు.

దీనికి మన పల్లెల్లో ట్రాక్టర్లు లారీకెక్కించేవాళ్లు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. లారీని పల్లంలో పెట్టి, వెనక భాగాన్ని గట్టుకో మట్టి దిబ్బకో ఆనించడం. పడకా గట్టూ సమమైతే మధ్యలో అడుగున్నర సందుకు రెండు పలకలు చాలు, కారు నడిచి వెళ్లినట్టు వెళ్తుంది. మీ గోడౌన్‌కు సరుకు దించే అరుగు ఉండే ఉంటుంది. ముందు దాన్ని కొలవండి.

లారీ రాకముందు రోజే చేయాల్సిన పని ఇంకొకటుంది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో చూడండి. అప్పట్లో హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసుంటే లైనింగు డ్రమ్ముకు అంటుకుపోయి ఉంటుంది. జాకీ ఎత్తి, చక్రం విప్పి, డ్రమ్మును చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టిస్తే చాలావరకు ఊడుతుంది. టైర్లు గాలి పట్టకపోతే ఏ పాత అంబాసిడర్ చక్రాలైనా ఒక రోజుకు అరువు తెచ్చుకోండి, బోల్టులు కలుస్తాయి. బ్యాటరీ తీసేయండి. ట్యాంకులో పన్నెండేళ్ల నాటి పెట్రోలు ఏమైనా మిగిలి ఉంటే దింపేయండి. వాసన చూస్తే అది పెట్రోలు కాదు, వార్నిషు అని మీకే తెలుస్తుంది.

మాది పెనుకొండ దగ్గర పల్లె. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు మోసుకుంటూ పొడుగాటి ట్రైలర్లు రోజూ మా ముందు నుంచే పోతుంటాయి. మా ఫియట్‌ను హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి చేర్చాలి. ఆ ట్రైలర్లలో ఒక మూల మాకూ చోటివ్వరా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పెనుకొండ మండలం

మాస్టారూ, మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. 2017లో ఆ ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరినప్పుడు ఆ భూములు ఎలా ఉండేవో మీకు నాకంటే బాగా తెలుసు. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు బజారుకొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యమున్న ఫ్యాక్టరీ అది. అన్ని కార్లు బయటికి పోవాలంటే రోడ్డు మీద ట్రైలర్ల బారు తప్పదు. వాటిని చూస్తూ పెరిగే మీ ఊరి పిల్లలకు కార్లు మోసే బండంటే అదే.

ఫ్యాక్టరీ గేటులోంచి నిండుగా బయల్దేరే బండిలో మీ ఫియట్‌కు చోటుండదు. ఆ లోడు కంపెనీ రవాణా కాంట్రాక్టుది. డ్రైవరు మధ్యలో ఆపి సొంతంగా ఇంకో కారు ఎక్కించుకుంటే అతని ఉద్యోగమే పోతుంది. దారి పక్కన నిలబడి అడిగి అతన్ని ఇరకాటంలో పెట్టకండి. పాత కార్లు, బదిలీ మీద ఊళ్లు మారే ఉద్యోగుల కార్లు బుక్ చేసుకునే రవాణా సంస్థలు వేరే ఉన్నాయి. అవి బెంగళూరు–హైదరాబాదు దారిలో ఇలాంటి ట్రైలర్లే నడుపుతాయి. బెంగళూరులోనో అనంతపురంలోనో వాళ్ల యార్డుకు కారును మీరే చేర్చాలి. ఇంటి ముందు ఎక్కిస్తామంటే నమ్మకండి, అంత పొడుగు బండి మీ పల్లె మలుపు తిరగదు.

బుక్ చేసేముందు మూడు సంగతులు చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే. మొదటిది, మీ కారు చక్రాల మధ్య వెడల్పు ఇప్పటి కార్ల కంటే బాగా తక్కువ. ఆ ట్రైలర్లలో చక్రాలు నడవడానికి రెండు ఇనుప దారులు వేసి, మధ్యలో ఖాళీ వదులుతారు. సెల్టోస్ కొలతకు వేసిన దారిలో ఫియట్ లోపలి అంచుల మీద నడుస్తుంది. ఎక్కించేవాడికి ఆ సంగతి ముందే తెలియాలి. రెండోది, స్టీరింగు కింద హ్యాండ్ గేరు. ఈ తరం డ్రైవర్లలో దాన్ని పట్టుకున్నవాళ్లు తక్కువ. రివర్సు ఎక్కడుందో కాగితం మీద బొమ్మ వేసి అద్దానికి అంటించండి. ఫస్టు గేరనుకుని రివర్సు వేస్తే ఏమవుతుందో ట్రైలర్ మీద ఊహించుకోండి.

మూడోది ముఖ్యం. మీ బండి ఆయిలు కారుస్తుంది. కాదనకండి, యాభై ఏళ్ల ఫియట్ ఆయిలు కారకపోతే లోపల ఆయిలు లేదన్నమాటే. అందుకే కింది అంతస్తే అడగండి. పై అంతస్తులో పెడితే మీ చుక్కలన్నీ కింద ఉన్న ఎవరిదో కొత్త కారు బానెట్ మీద పడతాయి. హైదరాబాదు చేరేసరికి గొడవ తయారుగా ఉంటుంది. పాత కార్లకు కింది అంతస్తు మంచిదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పై అంతస్తుకు ఎక్కే వాలు చాలా నిటారుగా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు పట్టు సడలిన బండికి అది ప్రమాదం.

రైల్లో పంపొచ్చా అని ఉత్తరం చివర రాశారు. కొత్త కార్లను రైల్వే మోస్తుంది, పాత ప్రయాణికుల పెట్టెలను మార్చి చేసిన వ్యాగన్లలోనే చాలావరకు. కానీ అది మొత్తం రైలు బుక్ చేసుకునే కంపెనీల లెక్క. ఒక్క ఫియట్‌కు రోడ్డే గతి.

నేను పట్టుచీరల వ్యాపారిని. చెన్నైలో ప్రీమియర్ పద్మిని కొన్నాను. నిన్న ఫోను చేస్తే ట్రాన్స్‌పోర్టువాళ్లు "తాళ్లతో గట్టిగా కట్టేస్తాం, కదలదు" అన్నారు. ఎంత గట్టిగా కట్టాలి? ఎక్కడ కట్టాలి?
— ధర్మవరం

ఆ మాట వినగానే మీరు అనుమానపడ్డారంటే మీరు సరైన కొనుగోలుదారే. "గట్టిగా" అన్న మాట మీద మీకు పాఠం చెప్పాల్సిన పని లేదు. మగ్గం మీద పడుగు బిగువు ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే నేత వదులవుతుంది. కారు కట్టడమూ అంతే. అయితే తేడా ఒకటుంది. మగ్గం కదలదు, లారీ కదులుతుంది.

పాతకాలం పద్ధతి ఏమిటంటే బంపరుకో, బాడీకో, ఛాసిస్‌కో తాడు కట్టి కారును నేలకేసి అదిమేయడం. లారీ నిలబడి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. గుంతలో పడగానే కారు బరువుకు స్ప్రింగులు ఇంకాస్త అణుగుతాయి. ఆ క్షణం తాడు వదులవుతుంది, కొక్కెం జారుతుంది. మళ్లీ పైకి లేచేటప్పుడు తాడు ఒక్కసారిగా గుంజుకుంటుంది. చెన్నై నుంచి ధర్మవరం దాకా ఇలా కొన్ని వేలసార్లు జరుగుతుంది. పాత బాడీలో తుప్పు పట్టిన చోటు ముందుగా చిరుగుతుంది.

అందుకే బాడీని కాకుండా చక్రాలను కట్టాలి. టైరు మీదుగా బెల్టు వేసి, ముందూ వెనకా పడకకు బిగించాలి. అప్పుడు చక్రం కదలదు, బాడీ మాత్రం తన స్ప్రింగుల మీద తాను మామూలుగా ఊగుతుంది. రోడ్డు మీద నడిచేటప్పుడూ అది చేసేది అదే కదా. రాచెట్ బెల్టులే అడగండి, రెండంగుళాల వెడల్పువి. ప్రతి బెల్టు మీదా అది ఎంత మోస్తుందో రాసిన లేబుల్ కుట్టి ఉంటుంది. లేబుల్ ఊడిన బెల్టు, అంచు పోగులు లేచిన బెల్టు వద్దనండి. పోగు లేచిందో లేదో మీ కంటికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

కట్టేటప్పుడు లెక్క కూడా చూసుకోవాలి. లారీ ఒక్కసారిగా బ్రేకు వేస్తే కారు ముందుకు దూకే బలం దాని బరువులో పదింట ఎనిమిది వంతుల దాకా ఉంటుందని ఐరోపా ప్రమాణాలు లెక్క వేసుకుంటాయి. పక్కలకూ వెనక్కూ సగం బరువు చాలంటాయి. మీ పద్మిని దాదాపు తొమ్మిది వందల కిలోలు. అంటే ముందుకు దూకకుండా ఆపే బెల్టులు కనీసం ఏడు వందల ఇరవై కిలోలు ఆపాలి. హమాలీలు సాధారణంగా వెనక్కి జారకుండా నాలుగు ముళ్లు వేస్తారు, ముందుకు పోకుండా ఒకటి. అది తలకిందులు. లారీ ఎక్కువగా ఆగేది బ్రేకు వేసే, కాబట్టి ముందుకు పోకుండా ఆపేవే బలంగా ఉండాలి. చక్రాల ముందు అడ్డుగా రాళ్లు పెడితే ఒప్పుకోకండి. రాయి దొర్లుతుంది. ముక్కోణం కోసిన చెక్క దిమ్మెలు పెట్టి, వాటిని పడకకు మేకులతో కొట్టించండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. తొంభైల్లో మద్రాసులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నాను. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది, చూడముచ్చటైన పని. లారీ క్లీనరు కొబ్బరి తాడు తెచ్చి బానెట్ మీదుగా అడ్డంగా రెండు చుట్లు చుట్టి, కాలు తన్నిపెట్టి బిగించాడు. నేను పక్కనే ఉన్నాను, పెద్దమనిషిలా ఊరుకున్నాను. రాత్రి వాన పడింది. తడిసిన కొబ్బరి తాడు ఎంత బిగుసుకుంటుందో అప్పుడు నాకు తెలియదు. తెల్లారి చూస్తే బానెట్ మధ్యలో పల్లం, పల్లం పొడవునా పెయింటు గీసుకుపోయి రేకు మెరుస్తోంది. లారీ ఆఫీసువాళ్లు "వాన మా చేతుల్లో ఉంటుందా సార్" అన్నారు. నిజమే, తాడు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండింది.

బయల్దేరిన పదిహేను, ఇరవై కిలోమీటర్లకే ఒకసారి ఆపి బెల్టులు మళ్లీ బిగించమనండి. కొత్తగా కట్టిన బెల్టు మొదట్లో తప్పకుండా సాగుతుంది. ఆ తర్వాత టీ తాగిన ప్రతిచోటా చూసుకుంటే చాలు. ఎన్.ఎస్. గేటు దగ్గర హైవే దిగి ధర్మవరం రోడ్డెక్కే ముందు ఇంకోసారి. మలుపులూ స్పీడు బ్రేకర్లూ అక్కడి నుంచే మొదలు.

మా కారు మీద కవరు కప్పి పంపాలా, వద్దా? ఎర్రమట్టి దుమ్ము గురించి భయం.
— లేపాక్షి

వద్దు. తెరిచిన బండిలో గాలికి కవరు రెపరెపలాడుతుంది. దాని కింద చేరిన దుమ్ము ఉప్పుకాగితంలా పెయింటును అరగదీస్తుంది. దుమ్ము కడిగితే పోతుంది, గీతలు పోవు. గుడ్డ టాపున్న జీపులైతే టాపు విప్పి లోపల పెట్టండి.

ట్రాన్స్‌పోర్టు రసీదు మీద "ఓనర్స్ రిస్క్" అని ముద్ర వేశారు. కారుకు ఏమైనా అయితే మాకు ఏమీ రాదా? ఈ-వే బిల్లు కూడా కావాలంటున్నారు.
— న్యాయవాది కాని ఒక పాఠకుడు, హిందూపురం

న్యాయవాది కానందుకు బాధపడకండి, ఆ ముద్ర చూసి వాళ్లలో కొందరు కూడా తడబడతారు. రోడ్డు రవాణాకు 1865 నాటి పాత చట్టం పోయి 2007లో కొత్త చట్టం వచ్చింది. సరుకు పోయినా చెడినా, రవాణాదారు నిర్లక్ష్యం చేశాడని మీరు రుజువు చేయాల్సిన పని లేదు. బాధ్యత మొదట అతనిదే. అయితే ఆ బాధ్యతకు ఒక హద్దుంది, అక్కడే చిక్కంతా. మీరు విలువ రాయించకపోతే అతను ఇవ్వాల్సింది బాడుగకు పది రెట్ల దాకానే. బాడుగ పదిహేను వేలనుకుంటే, గరిష్ఠం లక్షా యాభై వేలు. మీ కారు విలువ ఆరు లక్షలైనా అంతే. అందుకే ఎక్కించకముందే రసీదులో అసలు విలువ రాయించండి. దానికి కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. నష్టం జరిగితే రాతపూర్వక నోటీసు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. అది దాటితే కోర్టుకెక్కడానికి దారి మూసుకుపోతుంది.

రెండో దారి మీ సొంత బీమా. మన దేశంలో కారు సమగ్ర పాలసీ కారును రోడ్డు మీదో రైల్లోనో పడవలోనో మోసుకెళ్లేటప్పుడు జరిగే నష్టానికి కూడా వర్తిస్తుంది. చాలామందికి తెలియని మంచి సంగతి ఇది. పాత కార్లవాళ్లు డబ్బు మిగులుతుందని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కడతారు. దానికి ఈ రక్షణ లేదు. బయల్దేరే ముందు సమగ్ర పాలసీకి మారండి. అయిదేళ్లు దాటిన కారు విలువను మీరూ బీమా కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. ఆ బేరం ఫోటోలతో, వర్క్‌షాపు బిల్లులతో ఆడండి.

ఈ-వే బిల్లు సంగతి: సొంతంగా వాడుకున్న వస్తువులకు అది అక్కర్లేదు. మీ పేరు మీద ఆర్‌సీ ఉన్న కారును మీరే మీ ఇంకో ఊరికి తరలిస్తుంటే ఆర్‌సీ నకలు, మీ గుర్తింపు కార్డు, ఒక ఉత్తరం ఇచ్చి పంపండి. డీలరు దగ్గర కొంటే, విలువ యాభై వేలు దాటితే, ఈ-వే బిల్లు తీయాల్సింది అతను. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఇప్పుడు ఎవరు ఆపుతారని మీరు అనొచ్చు. ఆపినప్పుడు మాత్రం కాగితం డ్రైవరు చేతిలో ఉండాలి, మీ ఫోనులో కాదు.

నాకు పాత కార్ల పిచ్చి. హిందూపురంలో వెల్డింగు షాపులో ట్రైలర్ చేయించి, మా బొలెరోకు తగిలించి రెండు మూడు కార్లు బెంగళూరు ర్యాలీలకు తీసుకెళ్దామనుకుంటున్నా అన్నా. ట్రాక్టరు ట్రాలీ చేసేవాళ్లు ఇది కూడా చేస్తామంటున్నారు.
— ఇరవై ఆరేళ్ల తమ్ముడు, హిందూపురం

తమ్ముడూ, ట్రాక్టరు ట్రాలీ గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లలో పొలాల గట్టు మీద పోయే వస్తువు. నువ్వు అడుగుతున్నది ఎనభైలో జాతీయ రహదారి మీద పోయేది. రెండూ ఇనుమే, పోలిక అంతవరకే.

మొదట కాగితం. ట్రైలర్‌కు కూడా బొలెరోలాగే విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఆమోదం పొందిన తయారీదారు చేసిందైతేనే అది దొరుకుతుంది. వెల్డింగు షాపులో చేయించింది రిజిస్టరు కాదు. రిజిస్టరు కాని ట్రైలర్ వెనక ఉండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ తన చేతులు దులుపుకోవడానికి ఇంతకంటే మంచి సాకు ఉండదు.

తర్వాత బరువు. అంబాసిడర్, ట్రైలర్ కలిపి పదిహేడు వందల కిలోలనుకో. అందులో పదోవంతుకు తగ్గకుండా, అంటే నూట డెబ్బై కిలోలైనా, బొలెరో వెనక కొక్కెం మీద పడాలి. పడకపోతే ఏమవుతుందో చెబుతాను. కారును ఇంకాస్త వెనక్కి పెట్టి బరువు ట్రైలర్ ఇరుసుకు వెనక పడిందనుకో. డెబ్బై దాటగానే ట్రైలర్ ఎద్దు తోకలా ఊగడం మొదలెడుతుంది. ఒకసారి ఊగితే దాన్ని బ్రేకు వేసి ఆపలేవు. బ్రేకు వేస్తే ఇంకా ఊగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగు తిన్నగా పట్టుకుని నిమ్మళంగా వేగం తగ్గనివ్వడమే. అది కూడా దేవుడి దయ. ఇంజిన్ ఎటు ఉంటే బరువు అటు, అందుకే అంబాసిడర్‌ను మూతి ముందుకే పెట్టాలి. అంత బరువును ఆపడానికి ట్రైలర్‌కు సొంత బ్రేకులు కావాలి. నీ బొలెరో కంపెనీ పుస్తకంలో ఎంత లాగొచ్చని రాసి ఉందో అదీ చూడు.

నా మాట వింటే ట్రైలర్ వదిలేయ్. అదే డబ్బుతో వించి ఉన్న చిన్న ఫ్లాట్‌బెడ్ బండిని పాతది కొను. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, కాబట్టి లైసెన్సు గొడవ కూడా చాలావరకు తప్పుతుంది.

మా కారు 1968 మోడలు. వింటేజి నంబరు తీసుకుంటే లారీ ఎక్కించకుండా నడుపుకుంటూ పోవచ్చా?
— ధర్మవరం

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జూలైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" వస్తుంది. కొత్తగా తీసుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పొడిగింపుకు 5,000. ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, మరమ్మతుకో, పెట్రోలుకో వెళ్లొచ్చు. రోజువారీ వాడకానికి వీల్లేదు. అంటే బెంగళూరు ర్యాలీకి మీరు నడుపుకుంటూ వెళ్లొచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని అసలు రూపంలోనే ఉండాలి. మన జిల్లాలో పెట్రోలు అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ దించనివాళ్లు అరుదు. మీదీ అంతే అయితే ఆ దారి మూసుకున్నట్టే.

నడుపుకుంటూ పోవాలనే మీ సరదా నాకు అర్థమైంది. హిందూపురం ఎమ్మెల్యేగా మూడుసార్లు గెలిచిన ఎన్టీఆర్ 1982లో రాష్ట్రమంతా తిరిగింది ఒక పాత షెవర్లే వ్యాన్ మీదే. చైతన్య రథం అన్నారు దాన్ని. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆ వయసు బండి అంత దూరం నడిచిందంటే దాని వెనక మెకానిక్కులు ఉన్నారు. మీ వెనక ఎవరున్నారో చూసుకుని బయల్దేరండి.

యెజ్దీ బైకు కూడా లారీలోనేనా?
— పెనుకొండ

అక్కర్లేదు. దగ్గర్లోని పెద్ద స్టేషన్ పార్సిల్ ఆఫీసులో అడగండి. ఆర్‌సీ నకలు, ఖాళీ ట్యాంకు, గోనెసంచులతో చుట్టిన హెడ్‌లైటు, అద్దాలు ఉంటే చాలు. ట్యాంకు మీద అట్టపెట్టె ముక్క కట్టండి, పార్సిల్ గదిలో మీ బైకు మీద ఎవరో ఒకరు సామాను ఆనిస్తారు.

కారు ఇంటికి చేరింది. రాత్రి పదకొండుకు లారీ వచ్చింది. డ్రైవరు తొందరపెడితే దించేసుకుని సంతకం పెట్టాం. పొద్దున చూస్తే ఎడమవైపు వెనక తలుపు కింద సొట్ట. ఇప్పుడేం చేయాలి?
— హిందూపురం

ముందు ఫోటోలు తీయండి, పక్కన ఆ రోజు పత్రిక పెట్టి. ఎక్కించేటప్పటి ఫోటోలు ఉన్నాయా? ఉంటే మీ పని సగం అయినట్టే. లేకపోతే ఆ సొట్ట ముందే ఉందంటారు. దించుకున్నట్టు సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోదు కానీ, "ఏ నష్టమూ లేకుండా అందింది" అనే మాట మీద పెట్టారేమో రసీదు చూడండి. ఈ రోజే రాతపూర్వకంగా నోటీసు పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో. వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. బీమా సమగ్రమైతే వాళ్లకూ ఇవాళే చెప్పండి, సర్వేయర్ వచ్చేదాకా డెంటింగు షాపుకు పంపొద్దు.

ఇక మీదట రాత్రిపూట దించుకోకండి. లారీ వీధి చివర ఆపుకుని డ్రైవరు పడుకోవచ్చు, ఒక పూట భోజనం, వెయిటింగు డబ్బులు మీవి. పొద్దున వెలుతురులో, బెల్టులు విప్పకముందే, కారు చుట్టూ ఒక చుట్టు వీడియో తీయండి. రసీదు మీద చూసిందంతా రాశాకే సంతకం. డ్రైవరు మొహం చిట్లిస్తాడు, రెండో టీ ఇప్పించండి.